జంట దరఖాస్తు

డ్యూటీ దిగి వస్తున్న చిన్ని మెట్ల మలుపులో ఆగిపోయింది. పైన, తమ గుమ్మం ముందు నిలబడి అత్తగారు ఎదురింటావిడతో మాట్లాడుతోంది.

"మావాడొక్కడే అయితే ఈపాటికి నిశ్చింతగా ఉండేవాళ్లమండీ. పెళ్లాన్ని కూడా వెంటబెట్టుకుపోవాలంటాడు. బండరాయి మెడకు కట్టుకుని ఈదినట్టుంది వాడి పని."

"పోనీలెండి, మంచి మనసు," అంది ఎదురింటావిడ.

"మనసు ఉడికించుకు తింటామా?"

చిన్ని సంచిలోంచి తాళాలు తీసి కావాలనే గలగలలాడించింది. చెప్పులు చప్పుడు చేస్తూ ఎక్కింది. పైన మాట ఠక్కున కుళాయి నీళ్ల మీదికి మళ్లింది. కోడలు కనిపించగానే అత్తగారు, "వచ్చావా అమ్మాయ్? మొహం చూడు, ఎలా పీక్కుపోయిందో. ముందు కాసిని నీళ్లు తాగు," అంది. ఆ ఆప్యాయతలో అబద్ధమేమీ లేదు. ఆవిడ ఆ మాటా మనస్ఫూర్తిగానే అనగలదు, ఈ మాటా మనస్ఫూర్తిగానే అనగలదు. చిన్నికి మింగుడుపడనిది అదే.

లోపల భర్త భోజనాల బల్ల మీద ల్యాప్‌టాప్ తెరుచుకుని కూర్చున్నాడు. ఇద్దరూ ఒకే కాలేజీలో కలిసి చదివి డాక్టర్లయినవాళ్లు. ఇప్పుడు రెసిడెన్సీకి, అంటే పెద్దాసుపత్రిలో పనిచేస్తూ స్పెషలిస్టుగా తయారయ్యే శిక్షణకి, ఇద్దరూ దరఖాస్తు పెట్టారు. చిన్నికి సర్జరీ కావాలి, అతనికి జనరల్ మెడిసిన్. ఇంటర్వ్యూలు అయిపోయాయి. ఇక మిగిలిందల్లా ఏ ఆసుపత్రి కావాలో వరుసగా రాసి పంపడమే. ఆసుపత్రులు కూడా తమకు కావలసినవాళ్లను అలాగే వరుసగా రాసి పంపుతాయి. రెంటినీ సరిచూసి కంప్యూటర్ ఎవరికి ఎక్కడో తేలుస్తుంది. శుక్రవారం సాయంత్రంతో గడువు సరి.

మొగుడూపెళ్లాలు కాబట్టి వాళ్లు తమ జాబితాలు రెంటినీ ముడివేశారు. అలా వేసుకుంటే ఇద్దరికీ ఒకే ఊళ్లో చోటు వస్తుంది. కానీ ఒక మెలిక ఉంది. ఒకచోట ఒకరికి దొరికి రెండోవాళ్లకి దొరక్కపోతే, దొరికినవాళ్లు కూడా ఆ చోటు వదులుకుని కిందికి దిగాల్సిందే.

"కొండమీది ఆసుపత్రిని మొదట పెడదామా?" అంది చిన్ని, చేతులు కడుక్కొచ్చి అతని పక్కన కూర్చుంటూ. "అక్కడ సర్జరీవాళ్లు నాతో బాగా మాట్లాడారు."

"మాట్లాడ్డానికేం, అందరితోనూ మాట్లాడతారు." అతను తెర మీంచి కళ్లు తీయలేదు. "నన్ను పిలిచారు కాబట్టి మర్యాదకి నిన్నూ పిలిచారు. అక్కడ నీకు రాలేదనుకో, నాదీ పోతుంది. ముందు ఇద్దరికీ ఖాయంగా వచ్చేవి పెట్టుకుందాం చిన్నీ."

వేలితో తోశాడు. కొండమీది ఆసుపత్రి జారుతూ జారుతూ అడుక్కి వెళ్లి కూర్చుంది.

"నా మూలంగా నువ్వు కూడా దిగిపోతున్నావు," అంది చిన్ని.

"ఛ, అవేం మాటలు? నిన్ను వదిలేసి నేనొక్కణ్ణే పోతానా?"

"థాంక్స్," అంది. ఈమధ్య రోజూ అంటూనే ఉంది. అతను చెయ్యి చాచి ఆమె చెంప మీద పడ్డ జుట్టు వెనక్కి సవరించాడు. చూపు మాత్రం తెర మీదే ఉంది.

"పోనీ ఒకసారి మేడమ్‌కి చూపిద్దామా?"

మేడమ్ కాలేజీలో వాళ్లకి పాఠాలు చెప్పిన పిల్లల డాక్టరు. రిటైరయ్యాక చిన్న క్లినిక్ పెట్టుకుంది. రెసిడెన్సీకి వెళ్లాలనుకునే పాత విద్యార్థులందరికీ ఆవిడే దిక్కు. ఇంటర్వ్యూలకు ముందు వీళ్లిద్దరి చేతా సాధన చేయించిందీ ఆవిడే. తలుపు తోసుకొచ్చిన తీరు నచ్చకపోతే, "ఇది మీ అత్తారిల్లు కాదు, మళ్లీ రా," అని బయటికి పంపేసేది.

"పోయినవారం నేను వెళ్లొచ్చానుగా," అన్నాడతను. "అందరికీ చెప్పే నాలుగు ముక్కలే చెప్పింది. ఆవిడకి తీరిక లేదు. మళ్లీ మళ్లీ ఎందుకు విసిగించడం?"

మర్నాడు డ్యూటీకి వెళ్తూ వెళ్తూ చిన్ని మేడమ్ క్లినిక్ దగ్గర బస్సు దిగేసింది. ఇంట్లో చెప్పలేదు. జాబితా రాసుకున్న కాగితం సంచిలో ఉంది.

మేడమ్ ఒక పసిపాప చెవిలోకి చూస్తోంది. తల్లి పాప తలని గుండెకి అదిమి పట్టుకుంది. "లోపలేముందే, ఏనుగా? తొండం కనిపిస్తోంది," అంటోంది మేడమ్. పాప ఏడుపు మర్చిపోయి ఆవిడ కళ్లజోడు లాగేసింది. చెవిలో ఏమీ లేదనీ, పళ్లొస్తున్నాయి గనక చెవి పీక్కుంటోందనీ తల్లికి చెప్పి పంపేసి, మేడమ్ కళ్లజోడు తుడుచుకుంటూ చిన్నికి బల్ల చూపించింది.

"మీ ఆయన పంపాడా?"

"లేదు మేడమ్. నేనే వచ్చాను."

మేడమ్ ఏదో అనబోయి ఊరుకుంది. కాగితం అందుకుని చదివింది. తిప్పి వెనకవైపు చూసింది, అక్కడేమైనా ఉందేమోనన్నట్టు.

"ఇదేంటి, వంట తిరగేసి వడ్డించినట్టుంది? కొండమీదిది అడుగున పెట్టావేం?"

"అక్కడ నాకు రాదని..."

"ఎవరన్నారు?"

చిన్ని సంచి పట్టీ సవరించుకుంది.

"సరే, ఎందుకు రాదో నువ్వే చెప్పు."

"ఒక ఏడాది ఖాళీ ఉంది కదా మేడమ్. అత్తయ్యకి తుంటి విరిగినప్పుడు ఇంట్లోనే ఉండిపోయాను. పరీక్ష కూడా ఆలస్యంగా రాశాను. ఇప్పుడు చేసేది చూస్తే చిన్న ఆసుపత్రి, క్యాజువాలిటీ. కుట్లు, కట్లు, అంతే."

"తుంటి విరిగిన మనిషిని లేపి మెట్లెక్కించావు. దాన్ని ఖాళీ అంటారా? ఇంటర్వ్యూలో చెప్పావా ఆ సంగతి?"

"అడిగితే చెప్పాను."

"తెలుసు. వాళ్లే నాకు ఫోన్ చేసి చెప్పారు." మేడమ్ కాగితం మడిచి బల్ల మీద పెట్టి, ఎగిరిపోకుండా పైన స్టెతస్కోపు పెట్టింది. "కొండమీదివాళ్లు నీ గురించి వాకబు చేశారు. ఇంకోచోటివాళ్లూ చేశారు. ఈ అమ్మాయి సర్జరీకి వస్తే బాగుండు, కానీ మొగుడితో ముడిపెట్టుకుంది, ఏం చేయమంటారూ అని. మెడిసిన్‌వాళ్లని బతిమాలి అతన్ని పిలిపించింది ఈ సర్జరీవాళ్లే."

"ఆయనకి నాకంటే మార్కులెక్కువ మేడమ్," అంది చిన్ని.

"మార్కులకేం, ఉన్నాయి. అడిగిన ప్రతిదానికీ జవాబు చెప్పాడట, తెలియనిదానికి కూడా. ఒక్కసారి తెలీదని అనుంటే బాగుండేది పాపం. అతనికి చిన్న ఊళ్లలో ఎక్కడైనా దొరకొచ్చు. దొరక్కపోతే వచ్చే ఏడాది మళ్లీ దరఖాస్తు పెట్టుకుంటాడు, కొంపేం మునగదు. కానీ ఈ ముడి ఉందంటే అతను ఎంత కిందికి దిగితే నువ్వూ అంత దిగాలి. అడుగంటితే ఇద్దరికీ సున్నా."

బయట ఇంకో పసివాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు. మేడమ్ లేచి స్టెతస్కోపు మెళ్లో వేసుకుంది.

"నేను చెప్పగలిగింది చెప్పాను. కాపురం నీది, చదువూ నీదే. ఆలోచించుకో."

ఆరోజు క్యాజువాలిటీలో చిన్ని చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. బుర్ర మాత్రం ఒకేచోట గానుగెద్దులా తిరిగింది. సంతోషపడాల్సిన మాట విన్నదని తెలుసు. ఆ సంతోషం ఇంకా గొంతు దిగలేదు. దానికి అడ్డంగా భర్త మొహం ఉంది. అతనితో ఎలా చెప్పడం? నిన్ను పిలిచింది నాకోసమట అని ఏ నోటితో అనడం? ఇన్నాళ్లూ తనను మోస్తున్నానని నమ్మిన మనిషి అతను. ఆ నమ్మకం పోతే ఏమైపోతాడో.

ఇంటికి వెళ్లేసరికి అతను వాళ్లమ్మకి కాలి వ్యాయామం చేయిస్తున్నాడు. మంచం అంచున కూర్చోబెట్టి, మడమ పట్టుకుని మెల్లిగా లేపుతున్నాడు. "ఇంకొంచెం అమ్మా. ఇంకొంచెం. పరుగుపందేనికి పేరిచ్చాను నీది," అంటున్నాడు. ఆవిడ నవ్వుతూ తిడుతోంది. చిన్ని గుమ్మంలో నిలబడి కాసేపు చూసింది.

భోజనాల దగ్గర అత్తగారు కొడుకు కంచం వంక చూసి, "దిగులుతో తిండి కూడా సరిగ్గా తినట్లేదు వాడు. నీకు చోటు దొరుకుతుందా లేదా అనే వాడి బెంగంతా," అంది కోడలితో.

"ఊరుకోమ్మా," అన్నాడు అతను.

చిన్ని అతనికి ఇంకొంచెం వడ్డించింది. నీళ్లగ్లాసు దగ్గరికి జరిపింది. ఆ జరపడంలోనే ఆమెలో ఒక నిర్ణయం కుదురుకుంది. ముడి అలాగే ఉండనీ. మేడమ్ మాట మేడమ్ దగ్గరే ఉండనీ. ఇన్నాళ్లు తనకోసం అతను దిగాడు, ఇప్పుడు అతనికోసం తను దిగితే తప్పేముంది. అతనికి తెలియకుండానే దిగితే అతని పరువూ నిలుస్తుంది. అలా అనుకున్నాక మనసు తేలికపడింది. కానీ తేలికపడ్డ మనిషికి నిద్ర పట్టాలి, అదే పట్టలేదు.

గురువారం మధ్యాహ్నం ఆమె ఒక ముసలాయన చీలమండకి కట్టు కడుతుండగా మేడమ్ ఫోన్ చేసింది. కట్టు ముగించి, ముసలాయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, మందుల బీరువా పక్కకి వెళ్లి మాట్లాడింది.

"ఏం తేల్చారు?" అంది మేడమ్.

"ఉన్నది ఉన్నట్టే పంపుదామనుకుంటున్నాను మేడమ్. ఆయనకి చెప్పలేను. చెప్తే తట్టుకోలేడు."

"తట్టుకోలేకపోవడానికి కొత్తగా చెప్పేదేముంది? అతనికి నేను చెప్పి వారం దాటింది. నువ్వు కూర్చున్న బల్ల మీదే కూర్చోబెట్టి, నీకు చెప్పినవన్నీ చెప్పాను. మీ ఆవిడతో మాట్లాడి ముడి తీసెయ్యండి అన్నాను. అలాగే మేడమ్ అని వెళ్లాడు. నువ్వొచ్చిననాడు చూస్తే నీకేమీ తెలిసినట్టు లేదు. మొగుడూపెళ్లాల మధ్యలో నాకెందుకని ఊరుకున్నాను. ఊరుకోవడం మంచిది కాదనిపించింది ఇవాళ."

చిన్ని బీరువా తలుపు పట్టుకుంది. లోపల దూది ప్యాకెట్లు, సిరంజిల డబ్బాలు వరసగా ఉన్నాయి. వాటిమీది అక్షరాలు చదువుతూ నిలబడింది. ఏ మాటా అర్థం కాలేదు.

"ఉన్నావా?" అంది మేడమ్.

"ఉన్నాను మేడమ్."

పోయినవారం అతను క్లినిక్ నుంచి వచ్చిన సాయంత్రం ఆమెకి గుర్తుంది. వచ్చీ రాగానే టీ పెట్టి ఇచ్చాడు. ఆమె కాళ్లు ఒళ్లో పెట్టుకుని నొక్కాడు. నిన్ను వదిలి వెళ్లనని అన్నది ఆ సాయంత్రమే, ఆమె అడక్కుండానే. ఆమె కళ్లనీళ్లు పెట్టుకుని థాంక్స్ చెప్పింది. అతను ఆ థాంక్స్‌ని తీసుకున్నాడు. ఆ తర్వాత రోజూ తీసుకుంటూనే ఉన్నాడు.

"కట్టు బిగుతుగా ఉందమ్మా," అన్నాడు ముసలాయన కుర్చీలోంచి. చిన్ని వెళ్లి విప్పి, మళ్లీ కట్టింది.

ఆ రాత్రి ఆమె తలనొప్పని చెప్పి గోడవైపు తిరిగి పడుకుంది.

శుక్రవారం పొద్దున అతను ఆమె తెల్లకోటు ఇస్త్రీ చేస్తున్నాడు. అది రోజూ అతను చేసే పనే. కాలరు, చేతులు, చివరికి జేబులు, అదీ వరస. అత్తగారు స్నానాల గదిలో ఉంది. నీళ్ల చప్పుడు వినిపిస్తోంది.

"మేడమ్ ఫోన్ చేశారు," అంది చిన్ని.

ఇస్త్రీపెట్టె జేబు మీద ఆగింది. "ఏమంది?"

"నీకేం చెప్పారో అదే."

అతను తలెత్తలేదు. బట్ట కాలుతున్న వాసన మొదలైంది. చిన్ని చెయ్యి చాచి ఇస్త్రీపెట్టె ఎత్తి నిలబెట్టింది. జేబు మీద లేత గోధుమరంగు మరక పడింది.

"చెబుదామనే వచ్చాను ఆరోజు," అన్నాడు అతను. "దారంతా ఎలా చెప్పాలా అనుకుంటూనే వచ్చాను. అమ్మ గుమ్మంలోనే ఎదురై ఏమైందిరా అంది. ఏం కాలేదు, అంతా బావుందన్నాను. ఒకసారి అన్నాక ఇక వెనక్కి రాలేకపోయాను."

"కొండమీదిది కిందికి తోసింది మొన్న. అప్పటికి నీకు తెలుసు."

"తెలుసు. అక్కడ నన్ను తీసుకోరనీ తెలుసు."

"నేను థాంక్స్ అంటుంటే వింటూ కూర్చున్నావు."

అతను మరక మీద బొటనవేలితో రుద్దాడు. "భయమేసింది చిన్నీ. ముడి ఉంటే నీకోసమైనా నన్నెక్కడో తీసుకుంటారు, తీసేస్తే నాకెక్కడా రాదు. నిజం, ఎక్కడా రాదు. ఇంటర్వ్యూల్లో వాళ్ల మొహాలు చూశాను కదా, నాకు తెలియదా? అందరూ ఫలానావాడికి రాలేదట అంటారు. అమ్మ మొహం ఎలా చూడను?"

"ఇన్నాళ్లూ అమ్మ మొహం అలా చూసింది నేను," అంది చిన్ని. కోపంగా అనలేదు. నీరసంగా అంది.

స్నానాల గదిలో నీళ్ల చప్పుడు ఆగింది.

"మొన్న రాత్రి ముడి ఉంచేద్దామనే అనుకున్నాను," అంది మళ్లీ. "నీకు తెలీదనుకుని, నీ పరువు పోకూడదని. నన్ను అడిగుంటే ఉంచేదాన్ని. నువ్వు అడగలేదు."

"ఇప్పుడు అడుగుతున్నాను." అతను మొదటిసారి ఆమె కళ్లలోకి చూశాడు. "ఉంచు. ఈ ఒక్కసారికి."

చిన్నికి అతని మీద జాలి కలిగింది. ఆ జాలిని చూసి తన మీద తనకే భయం వేసింది. ఇంకో నిమిషం అక్కడే నిలబడితే సరే అనేస్తుంది. సరే అనేసి, జన్మంతా గుర్తు పెట్టుకుంటుంది. గుర్తు పెట్టుకున్న సంగతి అతనికి తెలుస్తూనే ఉంటుంది.

ఆమె బల్ల దగ్గరికి వెళ్లి ల్యాప్‌టాప్ తెరిచింది. కొండమీది ఆసుపత్రిని అడుగునుంచి పైకి తెచ్చింది. ముడి తీయమని అడిగేచోట తన పేరు కింద నొక్కింది. ఇద్దరూ ఒప్పుకుంటేనే ముడి వీడుతుందనీ, రెండోవారి అంగీకారం కోసం ఎదురుచూస్తున్నామనీ తెర మీద వచ్చింది.

"నావరకు నొక్కాను. నువ్వు నొక్కకపోతే ముడి అలాగే ఉంటుంది. సాయంత్రందాకా టైముంది."

"నేను నొక్కకపోతే?"

"అప్పుడు ఇద్దరం ఎక్కడ పడితే అక్కడికే వెళ్దాం. కానీ తెలిసే వెళ్దాం."

మరక పడ్డ కోటే వేసుకుని డ్యూటీకి వెళ్లింది. బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. ఇంటికి నిప్పు పెట్టి బయల్దేరిన దానిలా అనిపించింది. దిగి వెనక్కి పోదామా అని ప్రతి స్టాపులోనూ అనుకుంది. వాళ్లమ్మ ముందు అతను ఏం చెప్తున్నాడో, ఏం చెప్పట్లేదో. ఒకవేళ నొక్కితే, ఒకవేళ అతనికి ఎక్కడా రాకపోతే, ఆ తర్వాత ఆ ఇంట్లో తను ఏ గదిలో కూర్చుని అన్నం తింటుంది?

మధ్యాహ్నం దాటాక ఒక వడ్రంగి అరచేతికి గుడ్డ చుట్టుకుని వచ్చాడు. ఉలి జారి బొటనవేలి మొదట్లో లోతుగా దిగింది. చిన్ని గాయం కడిగి, వేళ్లు ఒక్కొక్కటే ఆడించమంది. నరం తెగలేదు. మత్తు సూది వేసి, గ్లవ్స్ మార్చుకుని, కుట్లు మొదలుపెట్టింది. కుట్టు కుట్టుకీ అంచులు సమంగా వస్తున్నాయా అని చూసుకుంటోంది.

"వణుకుతోంది. చెయ్యి నాదా మీదా డాక్టరమ్మా?" అన్నాడు వడ్రంగి.

"మీదే."

"మీరన్నాక నాదే అయ్యుంటుంది లెండి."

నర్సు నవ్వింది. అప్పుడే కోటు జేబులో ఫోన్ అదిరింది. చిన్ని చెయ్యి సూదితో సహా గాల్లో ఆగి, మళ్లీ దిగింది. ఫోన్ ఆగిపోయింది. వెంటనే మళ్లీ మొదలైంది.

"చూడమంటారా?" అంది నర్సు. జేబులోంచి తీసి చూసి, "అత్తయ్య అని ఉంది," అంది.

"ఉండనీ."

ఇంకా రెండు కుట్లున్నాయి. వాటికోసం ఎప్పుడూ పట్టనంత సేపు పట్టింది. కట్టు కట్టి, చెయ్యి పైకెత్తి ఉంచమనీ, తడి తగలనివ్వొద్దనీ చెప్పింది. గ్లవ్స్ తీసి చేతులు కడుక్కుని నడవాలోకి వచ్చి ఫోన్ చేసింది. ఆవిడ ఏమంటుందో వినడానికి ముందే గోడకి ఆనుకుంది.

"పనిలో ఉన్నావా?" అంది అత్తగారు.

"అయిపోయింది అత్తయ్యా. చెప్పండి."

"వాడు నాకంతా చెప్పాడు." ఆవిడ గొంతు బొంగురుగా ఉంది. "అన్నం ముందు కూర్చుని చెప్పాడు. మేడమ్ అన్నదీ, నీకు చెప్పకుండా దాచిందీ, అంతా. నేను అడగలేదు. వాడే చెప్పాడు."

చిన్ని ఫోన్ రెండో చెవికి మార్చుకుంది. ఆవిడ ఊపిరి తీసుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది.

"ముడి తీసేశానంటున్నాడు. పక్కనే కూర్చున్నాను గానీ, ఆ కంప్యూటర్లో ఏది నొక్కితే ఏమవుతుందో నాకేం తెలుసు? నువ్వు చూసుకో."

"ఆయన తీశానన్నారుగా అత్తయ్యా..."

"అన్నాడు. నువ్వు చూసుకో. ఎవరో చెప్పారని ఊరుకోకు. నీ కళ్లతో నువ్వు చూసుకుని నాకు చెప్పు. నేను ఫోన్ పెట్టను."

చిన్ని ఫోన్ చెవి దగ్గర్నుంచి తీసి వెబ్‌సైట్ తెరిచింది. చేతులు ఇంకా తడిగా ఉన్నాయి, తెర మాట వినలేదు. కోటుకి తుడుచుకుని మళ్లీ తెరిచింది. జాబితా వచ్చింది. కొండమీది ఆసుపత్రి మొదట ఉంది. రోజూ పక్కనే కనిపించే అతని పేరు కోసం ఆమె కళ్లు అలవాటుగా వెతికాయి. ఆ చోటు ఖాళీగా ఉంది. గడువు ముగిసేదాకా జాబితా మార్చుకోవచ్చని కింద రాసి ఉంది. ఆమె పైనుంచి కిందిదాకా చదివి, మళ్లీ పైనుంచి చదివింది.

"చూశావా?" అంది అత్తగారు.

"చూశాను అత్తయ్యా."

"ఉందా ముడి?"

"లేదు."

అవతల కుర్చీ జరిపిన చప్పుడైంది.

"సరే. వాడు పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు. వడ్డిస్తాను," అని ఆవిడ ఫోన్ పెట్టేసింది.